బొట్టు కింది నంబరు

కామారెడ్డిలో కాంటాలు బాగుచేసే దుకాణంలో పనికి చేరినప్పుడు నాకు నడపడం వచ్చిన యంత్రం కుట్టుమిషన్ ఒక్కటే. కిందటేడు పని మానేసే నాటికి ఇక్కడి నుంచి ఎల్లారెడ్డి దాకా ఏ గోదాములోనైనా, మందుల ఏజెన్సీలోనైనా, బట్టల దుకాణంలోనైనా చేతి స్కానర్ కూత వినబడితే, ఆ కూత నేర్పింది చాలావరకు నేనే. గొప్పలు పోతున్నాననుకుంటే అనుకోండి. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఫోన్ చేసి "మేడం, ఏం చదవాలి?" అని అడుగుతుంటారు. యంత్రంతో పాటు వచ్చే పుస్తకం చదవండి, అది తప్పదు. అందులో లేనిది నేను ఇక్కడ రాస్తున్నాను.

యంత్రానికి చదువు రాదు

గీతల కోడ్ చదివే స్కానర్ అందరికీ తెలుసు. సబ్బు కొన్నప్పుడు బిల్లు కొట్టే అమ్మాయి దాని మీద పెట్టి కూయిస్తుందే, అది. నాకు ఎక్కువగా పని పడింది దానికి అన్నలాంటి దానితో. అచ్చయిన అక్షరాలను, అంకెలను చదివే స్కానర్ అది. మందు సీసా మీది బ్యాచ్ నంబరు, విత్తనాల ప్యాకెట్ మీది లాట్ నంబరు, ఇలాంటివి దానికి చూపించి మీట నొక్కితే కంప్యూటర్‌లో పడతాయి. చేత్తో రాసుకోనక్కర్లేదు.

చదువుతుందని మనం అంటాం గాని నిజానికి దానికి చదువు రాదు. దానికి కనిపించేదల్లా తెల్లటి చోట నల్లటి ఆకారాలు. ఏ ఆకారాల కోసం వెతకాలో మనం ముందే చెప్పిపెట్టాలి. మొదట రెండు అక్షరాలు వస్తాయి, తర్వాత ఒక అడ్డగీత, ఆ తర్వాత అన్నీ అంకెలే, ఇంకేం కనబడినా నీకు సంబంధం లేదు అని చెప్పాలి. దీన్నే మేం మూస పెట్టడం అంటాం. మూస వదులైతే ప్యాకెట్ ధరను కూడా లాట్ నంబరే అనుకుని కూస్తుంది. మరీ బిగించామా, కొసన కాస్త చెరిగిన అంకెను కూడా ఒప్పుకోదు. ఎంత వదలాలో, ఎంత బిగించాలో తెలియడమే ఈ ఉద్యోగం. మిగతాదంతా వైర్లు తగిలించడం, అది ఎవరైనా చేస్తారు.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. అనుమానం వచ్చినప్పుడు యంత్రం నోరు మూసుకునేలా పెట్టండి. ఊహించి చెప్పేలా ఎప్పుడూ పెట్టకండి. కొందరు ఇంజనీర్లు గిరాకీ ముందు మిషన్ టకటకా కూస్తుంటే ముచ్చటగా ఉంటుందని మూసను వదిలేస్తారు. అలాంటివాళ్లు మిషన్ పెట్టిన దుకాణంలో నేనైతే జ్వరం గోళీ కూడా కొనను.

హమీద్ భాయ్ చెత్తబుట్ట

హమీద్ భాయ్ నా మొదటి యజమాని. కోపం ఆయనకు ముక్కు మీదే ఉండేది. స్క్రూ తిప్పడం ఒకసారే చూపించేవాడు, రెండోసారి అడిగితే లేచి టీకి వెళ్లిపోయేవాడు. ఆడమనిషి గోదాములో నిచ్చెన ఎక్కుతుందా అని గిరాకీలు నవ్వితే మాత్రం, "నిచ్చెనకు తెలుస్తదా ఎక్కింది ఆడామె అని?" అని ఒక్క మాటతో వాళ్ల నోరు మూయించేవాడు. ఆ ఒక్క గుణానికి మిగతా గుణాలన్నీ భరించాను.

కాంటాల నుంచి స్కానర్లలోకి దిగిన కొత్తలో ఒక మందుల ఏజెన్సీవాళ్లు నమూనాగా ఒక అట్టపెట్టె పంపారు. నేను దాని మీది నంబరుకు చక్కగా మూస పెట్టి, కూయించి, భాయ్‌కి చూపించాను. ఆయన పెట్టెను అటూ ఇటూ తిప్పాడు.

"గీ డబ్బా పెండ్లికొడుకు లెక్క తయారై వచ్చింది బేటీ. రోజూ గిట్లనే వస్తదా? పోయి ఆళ్ల చెత్తబుట్ట పట్టుకరా."

నిజంగానే వెళ్లి వాళ్ల చెత్తంతా బల్ల మీద కుమ్మరించాను. చూద్దును కదా, సగం పెట్టెల మీద నంబరు మీదుగా గోధుమరంగు టేపు అతికించి ఉంది. నంబరు ముద్రించేది పెట్టె మూత అంచున. ప్యాకింగ్ చేసేవాళ్లు టేపు వేసేదీ అక్కడే. నమూనా పెట్టెకు టేపు వెయ్యలేదు, ఖాళీది కదా. టేపు మెరుపుకు స్కానర్ కళ్లు బైర్లు కమ్ముతాయి. టేపు నంబరుకు నాలుగు వేళ్లు కిందుగా వెయ్యమని ప్యాకింగ్‌వాళ్లకు చెప్పడంతో ఆ పని అయిపోయింది. ఆఫీసులో ఇచ్చిన నమూనాను నమ్మడం ఆ రోజుతో మానేశాను.

దసరాకు ఎర్ర చీటీలు

హమీద్ భాయ్ దుకాణం ఎత్తేశాక నేను హైదరాబాదులోని ఒక స్కానర్ల కంపెనీకి ఈ ప్రాంతంలో పనిచేశాను. అక్కడి ఏరియా మేనేజర్‌కు ఏ జబ్బుకైనా ఒకటే మందు, మిషన్ మార్చెయ్యండి అనేది. మనిషి మంచివాడే, కానీ కుర్చీలోంచి లేచేవాడు కాదు.

ఒక దసరా ముందు కామారెడ్డిలో బట్టల దుకాణం సేటు శుభమని చెప్పి చీరల చీటీల మీద నంబర్లన్నీ ఎర్రరంగులో అచ్చు వేయించాడు. స్కానర్ ఒక్కటీ చదవలేదు. మేనేజర్ మాట ప్రకారం మిషన్ మార్చాను. కొత్తది కూడా చదవలేదు. దుకాణం నిండా జనం, సేటు నా వైపు కొరకొరా చూస్తున్నాడు. అప్పుడు ఒక చీటీ మీద గుమాస్తా నల్లపెన్నుతో దిద్దిన అంకె ఒక్కటి స్కానర్ తెర మీద కనిపించింది. మిగతా నంబరంతా తెల్లగా ఉంది.

సంగతి అర్థమైంది. ఆ స్కానర్ల లోపలి దీపం ఎర్రది. ఎర్ర వెలుగులో ఎర్ర అక్షరం, తెల్ల కాగితం ఒకేలా మెరుస్తాయి. దానికి అక్కడ అక్షరమే లేదు. నంబరు నల్లగా వేయించి, సేటు శుభం కోసం చుట్టూ ఎర్ర గీత గీయించాం. ఆయనా సంతోషించాడు, స్కానరూ సంతోషించింది. ఈ ముచ్చట ఎందుకు చెప్పానంటే, ఎల్లారెడ్డిలో నన్ను ఒడ్డున పడేసింది ఇదే.

ఎల్లారెడ్డి కౌంటర్

నేను పని మానేసే ముందటి వానకాలం. ఎల్లారెడ్డిలో ఒక విత్తనాల కంపెనీ గోదాములో నేనే స్కానర్ పెట్టాను. బయటికి వెళ్లే కొత్త ప్యాకెట్ల లాట్ నంబరు చదవడం దాని పని. అది నిక్షేపంగా పనిచేస్తోంది. ఆ ఏడు మక్కజొన్న విత్తనాల్లో ఒక లాట్ మొలకెత్తలేదు. కంపెనీ తప్పు ఒప్పుకుంది, అంతవరకు మెచ్చుకోవాలి. ఆ లాట్ ఖాళీ ప్యాకెట్ తెచ్చిచ్చి కొత్త విత్తనాల ప్యాకెట్ తీసుకువెళ్లమని ఊళ్లలో చెప్పించారు.

అక్కడి మేనేజర్ ప్రభాకర్ గోదాములోని స్కానర్‌ను తెచ్చి ముందు కౌంటర్ మీద పెట్టించాడు. చెడ్డ లాట్ నంబరు పడితే పచ్చలైటు, వేరే లాట్ అయితే ఎర్రలైటు. ఆలోచన మంచిదే. నాకు ఒక్క మాట చెప్పలేదు, అంతే. కొత్త ప్యాకెట్లకు పెట్టిన మూస, కొత్త ప్యాకెట్లకు సరిపోయే వెలుగు, ఊళ్లోంచి వచ్చే ఖాళీ ప్యాకెట్లకు ఎలా సరిపోతాయి? రెండోనాడు ఫోన్ వచ్చింది.

"మేడం, మీ మిషన్ సగం పాకిట్లు చదువుతలేదు. పొద్దటి సంది లొల్లి లొల్లి అయితుంది."

తాడ్వాయి, లింగంపేట మీదుగా బస్సులో వెళ్తుంటే కిటికీలోంచి మక్క చేన్లు కనబడ్డాయి. సాలులో ఇక్కడొక మొలక, అక్కడొక మొలక, మధ్యలో ఖాళీ నేల. ముందురోజు పడిన వానకు నేల విత్తడానికి మంచి పదును మీద ఉంది. ఆ పదును ఆరిపోయేలోగా కొత్త గింజ పడకపోతే ఆ చేనుకు ఆ కారు పంట పోయినట్టే.

నేను వెళ్లేసరికి జనం చాలావరకు వెళ్లిపోయారు. మెట్ల మీద ఒకావిడ మిగిలింది. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకులో తంబాకు పోసి బీడీలు చుడుతోంది. ఆవిడ పేరు లచ్చవ్వ, లింగంపేట దగ్గరి ఊరు. ఇంచుమించు నా ఈడుదే.

"ఏమైందక్కా?" అన్నాను.

"ఏమైతది? మిషన్ నా పాకిట్ల దిక్కు సూసి మూగదాని లెక్క ఊకున్నది. గా పిలగాడు ఇవి మాయి గావు, పొమ్మన్నడు. గీడనే కొన్న నేను. మొలువని ఇత్తులు నాయి, మరి పాకిట్లు ఎవలియి?"

"బిల్లు లేదా?"

"కౌలు చేను మేడం. బిల్లు పట్టాదారు పేరు మీదనే రాసిండ్రు, ఆయన ఏడుంటడో ఆయనకే ఎరుక. నాకున్న సాచ్చం గివే." ఖాళీ ప్యాకెట్లు నా ముందు పరిచింది. "రేపో ఎల్లుండో పదును పోతది. గప్పుడిస్తె గా ఇత్తులు ఏంచుకొని తినాల్నా? నేనైతె ఈడికెళ్లి కదల."

ప్యాకెట్ చూశాను. పైనుంచి కింది దాకా ఆకుపచ్చగా నిగనిగలాడుతోంది, పెద్ద మక్కకంకి బొమ్మ. ఒక్కచోట మాత్రం చిన్న తెల్ల పట్టీ, నంబరు ముద్రించడానికి వదిలింది. సరిగ్గా ఆ నంబరు మీద పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

"ఇక్కడే ఎందుకు పెట్టావక్కా బొట్టు?"

"ఇంకేడ వెడ్తరు? గా నిగనిగల మీద పసుపు నిలువది. కుంకుమ వెట్టినా కనవడది. తెల్లటి జాగ గంతనే ఉన్నది. ఇత్తులకు బొట్టు వెట్టకుంట చేన్ల ఏస్తరా ఎవలన్న?"

నిజమే. భక్తిగా బొట్టు పెట్టిన ప్రతి ప్యాకెట్టూ స్కానర్‌కు మసి పూసిన ముఖంలా కనబడుతోంది. తోచినట్టు చించి విత్తనాలు వేసుకున్నవాళ్లకు పచ్చలైటు వచ్చింది, పద్ధతిగా పూజ చేసినవాళ్లను వెళ్లగొట్టారు. మొదట నవ్వు వచ్చింది. లోపలికి వెళ్లాక ఆ నవ్వు పోయింది.

కౌంటర్ మీద ఉన్న రమేశ్ అనే ఉద్యోగిని అడిగాను. "ఈమె ప్యాకెట్లకు ఎర్రలైటు వచ్చిందా?"

"లేదు మేడం. ఏ లైటూ రాలే."

"మరి ఇవి మనవి కావని ఎట్లా చెప్పావు?"

"పచ్చలైటు రాలేదు గద మేడం."

అతన్ని ఏమనను? అతనికి చెప్పిందే అంత. పచ్చలైటు వస్తే ఇయ్యి, లేకపోతే ఇయ్యకు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇక్కడ కాస్త ఆగాలి. యంత్రానికి మూడు జవాబులు ఉంటాయి. అవును, కాదు, నాకు కనబడలేదు. మూడోదాన్ని రెండోదానిలో కలిపేస్తే యంత్రం చెయ్యని మోసాన్ని దాని చేత చేయించినట్టే. దాని మౌనానికి కూడా ఒక లైటు పెట్టాలి. గోదాములో ఆ అవసరం రాలేదు, చదవని ప్యాకెట్‌ను అక్కడ మనిషే పక్కన పెట్టేవాడు. కౌంటర్ దగ్గర అలా పక్కన పడ్డవాళ్లు మనుషులు, వాళ్లు ఇంటికి వెళ్లిపోయారు.

ప్రభాకర్ తన గదిలోంచే జవాబు చెప్పాడు. "పై ఆఫీసు రూలు మేడం. కంప్యూటర్ల నంబర్ పడాలె. పడకుంటె నేనెట్ల ఇయ్యాలె? రేపు నన్నే పట్టుకుంటరు." దుర్మార్గుడేమీ కాడు. పొద్దుటి నుంచి తిట్లు తిని తలుపు దగ్గరికి వేసుకున్న మనిషి. అయినా నాకు ఒళ్లు మండింది. "నంబరు పడేటట్టు నేను చేస్తాను. నువ్వు ఆమెను మెట్ల మీద నుంచి లేపకు" అని చెప్పి బయటికి వచ్చాను.

ఈ స్కానర్ కొత్త రకం, లోపలి దీపం తెల్లది. తెల్ల వెలుగులో కుంకుమ దానికి నల్లగా కనబడి నంబరులో కలిసిపోతోంది. బట్టల సేటు ఎర్ర చీటీలు గుర్తొచ్చాయి. అప్పుడు ఎర్ర వెలుగు నా కొంప ముంచింది. ఇప్పుడు నాకు కావలసింది అదే. ఎర్ర వెలుగులో చూస్తే కుంకుమా, పసుపూ తెల్లబడిపోవాలి, నల్ల నంబరు మాత్రం మిగలాలి. బస్టాండు దగ్గర ఫ్యాన్సీ స్టోరుకు వెళ్లి, పూలగుత్తులకు చుట్టే ఎర్రటి పారదర్శక కాగితం తెచ్చాను. ముక్క కత్తిరించి స్కానర్ మూతికి అతికిస్తుంటే లచ్చవ్వ తొంగిచూసింది.

"ఏంది, దానికి కండ్లద్దాలు వెడ్తున్నవా?"

"అవునక్కా. చూపు ఆనుతలేదంట."

మొదట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. కాగితం వల్ల వెలుగు తగ్గింది. లాప్‌టాప్ కలిపి, స్కానర్ ఇంకాస్త ఎక్కువసేపు చూసేలా సర్దాను. ప్యాకెట్‌ను దగ్గరగా పట్టుకుని మళ్లీ నొక్కాను. తెర మీద బొట్టు మాయమైంది. బొట్టు కింది నంబరు నల్లగా, ఒక్క అంకె కూడా చెదరకుండా కనిపించింది. కూత పడింది, పచ్చలైటు వెలిగింది.

"ఇగ మాట్లాడింది" అంది లచ్చవ్వ. ఆమె ప్యాకెట్లన్నీ చెడ్డ లాట్‌వే. రమేశ్ తలెత్తకుండా లెక్కగా కొత్తవి తెచ్చి ఇచ్చాడు. ఇన్నేళ్లలో ఎన్నో మిషన్లు కూయించాను గాని, ఒక కూతకు నా కళ్లు చెమర్చడం అదే మొదలు.

చదవలేకపోతే పసుపులైటు వెలిగేలా సాయంత్రానికి సర్దాను. పచ్చకూ ఎర్రకూ పసుపుకూ తేడా రమేశ్ చేత మూడుసార్లు చెప్పించాను. అప్పుడు అసలు ప్రశ్న మిగిలింది. పొద్దున వెనక్కి పంపినవాళ్ల సంగతేమిటి? ఎవరి పేరూ ఎవరూ అడగలేదు. ఎవరు ఏ ఊరో తెలియదు. ప్రభాకర్ చేతులు ఎత్తేశాడు. "వస్తె సూద్దాం మేడం. ఇంటింటికి పోయి పిలుస్తమా?"

చాట సర్దుకుంటున్న లచ్చవ్వ ఆ మాట విన్నది. "నువ్వేం పిలువకు సారు. పొద్దుగూకంగ బీడీలు అప్పజెప్పెటందుకు కార్ఖానకు పోవాలె. ఊరి ఆడోళ్లందరు ఆడనే ఉంటరు. నేను జెప్త."

తుడిచిన పట్టీ

మర్నాడు నన్ను ఎవరూ రమ్మనలేదు. అయినా మొదటి బస్సుకు వెళ్లాను. కౌంటర్ ముందు వరుస వీధి మలుపు దాకా ఉంది, ఎక్కువమంది ఆడవాళ్లే. లచ్చవ్వ లేదు, చేన్లో ఉండి ఉంటుంది. స్కానర్ నేనే పట్టుకున్నాను. బొట్టు మీద బొట్టు, కూత మీద కూత. వేరే లాట్ ప్యాకెట్లు తెచ్చిన ఒకరిద్దరికి ఎర్రలైటు వచ్చింది. నంబరు చూపించి చెబితే వాళ్లు గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. నంబరు కళ్లబడితే మన జనం మొండికెయ్యరు. యంత్రం చూడకుండానే పొమ్మంటేనే కోపమొస్తుంది.

అలా సాగుతుండగా సాయిలు వచ్చాడు. తాడ్వాయి వైపు పెద్దాయన, చేతికర్ర పట్టుకుని వచ్చాడు. ప్యాకెట్లు రుమాలులో చుట్టి తెచ్చాడు. విప్పి ముందు పెట్టాడు. తెల్ల పట్టీలు కడిగిన పళ్లెంలా మెరుస్తున్నాయి. పసుపు లేదు, కుంకుమ లేదు. నంబరు కూడా లేదు.

నొక్కాను. పసుపులైటు.

"బాపూ, ఇక్కడ నంబరేమైంది?"

"నిన్న గీ పిలగాడే బొట్టు తుడుసుకొని తెమ్మన్నడు గద. నీళ్లకు పోలే. కరోనా నాటి శానిటైజర్ సీస ఇంట్ల ఉండె. దాంతోని రుద్దితె మంచిగ పోయింది." ఆయన గొంతులో పని సరిగ్గా చేసుకొచ్చిన మనిషి ధీమా ఉంది. "ఇప్పుడు సదువుతదా?"

రమేశ్ ముఖం మాడిపోయింది. ముందురోజు బొట్టే అడ్డమని నా నోట విన్నాక, నేను ఎర్రకాగితం కోసం వెళ్లిన వేళ వచ్చినవాళ్లలో ఎంతమందికి బొట్టు తుడుచుకుని తెమ్మని చెప్పాడో. వరుసలో చూస్తే ఇంకా కొందరి చేతుల్లో అలాంటి తెల్లటి పట్టీలే. ఆ అచ్చుసిరా నీళ్లకు చెదరదు. శానిటైజర్‌కు మాత్రం నిలవదు.

ప్రభాకర్ గదిలోంచి వచ్చి నా వైపు చూశాడు. నా సంచిలో ఇంకేదైనా కాగితం ముక్క ఉంటుందని అతని ఆశ. నేనూ వదల్లేదు. ఫోన్ లైటు ఏటవాలుగా వేసి చూశాను, ఎర్రకాగితం తీసి చూశాను, ప్యాకెట్‌ను ఎండకు అడ్డం పెట్టి చూశాను. అక్కడ ఏమీ లేదు. లేనిదాన్ని చదివే యంత్రం నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా ఉండదు.

"ప్రభాకర్, ఇక నా చేతిలో ఏం లేదు" అన్నాను. "తుడవమని చెప్పింది మనమే. ఆయన తుడిచాడు."

సాయిలు మా ఇద్దరి ముఖాలూ చూస్తున్నాడు. అప్పుడు తెలిసింది ఆయనకు. రుమాలు మడతపెట్టడం మొదలుపెట్టాడు, మెల్లగా, కొసలు కలిపి.

ప్రభాకర్ పై ఆఫీసుకు చెయ్యడానికి ఫోన్ తీశాడు. కాసేపు చేతిలో పట్టుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. కౌంటర్ తలుపు తీసుకుని ఇవతలికి వచ్చి పెద్దాయన ముందు నిలబడ్డాడు.

"బాపూ, ఇత్తులు మొలిచినయా?"

"మొలిస్తె గింత దూరం ఎందుకొస్త బిడ్డా."

"ఎన్ని పాకిట్లు ఏసినవ్?"

"రొండు."

"రమేశ్, రెండియ్యి."

రమేశ్ కంప్యూటర్ ముందు వేళ్లు ఆపి కూర్చున్నాడు. "సార్, నంబర్ పడకుంటె ముందుకు పోదు. ఏం కొట్టాలె?"

"నా ఉద్యోగం నంబర్ కొట్టు. పై నుంచి ఎవలన్న అడిగితె నేనే జెప్త."

సాయిలు రెండు ప్యాకెట్లనూ రుమాలులో కట్టుకుని, కర్ర తీసుకుని, ప్రభాకర్ చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలి మెట్లు దిగాడు. నేను స్కానర్‌ను బల్ల మీద పెట్టేశాను. ఆయన వెనుక నిలబడ్డ అవ్వ కొంగులోంచి ఖాళీ ప్యాకెట్ తీయబోతుంటే ప్రభాకర్ చేత్తో ఆపాడు.

"అది తర్వాత సూద్దాం అవ్వా. నీయి మొలిచినయా?"